రుడాల్ఫ్ డీజిల్

పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాలలో డీజిల్ అనే మాట తెలియనివారు ఉండరు. చిలకలూరిపేట ప్రాంతం మీదుగా సాగే కోల్‌కతా-చెన్నై జాతీయ రహదారిపై పత్తి బేళ్లను, మిరప టిక్కీలను మోసే లారీలకు, నల్లరేగడి చేలను దున్నే ట్రాక్టర్లకు అదే ఇంధనం. అయితే అది ఒక మహాశిల్పి ఇంటిపేరని ఎరిగినవారు కొద్దిమందే.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతానికి చెందినవారు. తండ్రి తోలుపనితో కుటుంబాన్ని పోషించేవాడు. 1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం రావడంతో ఆ కుటుంబం లండన్‌కు తరలిపోవలసి వచ్చింది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను ఆగ్స్‌బర్గ్ పట్టణంలోని బంధువుల వద్దకు పంపారు. పేదరికం ఆయన పట్టుదలను తగ్గించలేదు. మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో చదివి, 1880లో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

అక్కడ కార్ల్ లిండే అనే ఆచార్యుని బోధన ఆయన జీవితానికి దారి చూపింది. ఆనాటి ఆవిరి యంత్రాలలో బొగ్గు ఇచ్చే వేడిలో నూటికి సుమారు 90 పాళ్లు వ్యర్థమై పోయేవి. ఆ నష్టాన్ని తగ్గించడమే డీజిల్ జీవితలక్ష్యమైంది. గాలిని మిక్కిలిగా అదిమితే అది వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి ఇంధనాన్ని చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే అంటుకొంటుంది. ఈ సూత్రానికి ఆయన 1893లో పేటెంటు పొందాడు.

సూత్రం సులభమే గాని సాధన కష్టమైంది. 1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో తొలి పరీక్ష జరిపినప్పుడు యంత్రానికి అమర్చిన కొలమాని పేలిపోయింది. ఆయన వెనుదీయలేదు. 1897లో ఆచార్య ష్రోటర్ పరీక్షించగా, కొత్త యంత్రం ఇంధనశక్తిలో నూటికి 26 పాళ్లకు పైగా పనిగా మార్చినట్లు తేలింది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆ తరహా చిన్న యంత్రమొకటి వేరుశెనగ నూనెతో నడిచి చూపరులను ఆశ్చర్యపరచింది.

ఈ యంత్రం చిన్న చేతిపనివారికి అండగా నిలిచి, పెద్ద కర్మాగారాలతో పోటీపడే శక్తినిస్తుందని డీజిల్ ఆశించాడు. కాని తొలి యంత్రాలు బరువైనవి, ఖరీదైనవి కావడంతో మిల్లులకు, ఓడలకు మాత్రమే చేరాయి. పేటెంటు వివాదాలు, అనారోగ్యం, తప్పిన పెట్టుబడులు ఆయనను కుంగదీశాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండుకు వెళ్తున్న డ్రెస్డెన్ అనే ఓడ నుండి ఆయన అదృశ్యమయ్యాడు. కొన్నాళ్లకు సముద్రంలో ఒక మృతదేహం కనబడింది. దానిపై దొరికిన వస్తువులు తండ్రివేనని కుమారుడు గుర్తించాడు. ఆ మరణం ప్రమాదమో, ఆత్మహత్యో నేటికీ నిర్ధారణ కాలేదు. డీజిల్ లారీ రోడ్డెక్కడం ఆయన చూడలేదు. అది 1920ల నాటి మాట.

ఆయన మొదలుపెట్టిన పొదుపు పోరాటం మాత్రం ఆగలేదు. నేటి ఇంజనులో కూడా ఇంధనపు వేడిలో సుమారు మూడవ వంతు పొగతోపాటు బయటికి పోతుంది. ఆ పొగ వేగంతో చిన్న చక్రాన్ని తిప్పి, ఇంజనుకు అదనపు గాలి అందించే ఉపాయానికి ఆల్ఫ్రెడ్ బ్యూచీ అనే స్విస్ ఇంజనీరు 1905లో పేటెంటు పొందాడు. అదే టర్బోచార్జరు.

కనుక డీజిల్ ఇంజనుకు పొగగొట్టాన్ని ఎంచుకోవడం కూడా వివేకంతో చేయవలసిన పని. సిలిండర్ల నుండి వచ్చే పొగను ఒకచోట చేర్చే గొట్టాల గుంపును ఎగ్జాస్ట్ మానిఫోల్డు అంటారు. ఆ గొట్టాలు మరీ లావైతే పొగ వేగం తగ్గి, టర్బో ఆలస్యంగా మేల్కొంటుంది. మరీ సన్ననివైతే పొగకు అడ్డుపడి ఇంజను ఆయాసపడుతుంది. వానకు తడిసిన నల్లరేగడిలో దిగబడిన నాలుగు చక్రాల చోదక వాహనానికి తక్కువ వేగంలోనే బలం కావాలి. అటువంటి దానికి వేడిని నిలిపే పొట్టి, గట్టి పోత ఇనుప మానిఫోల్డు సాధారణంగా తగినది. పలుచని ఉక్కు గొట్టాలు తేలికగా ఉండి, చూడ ముచ్చటగా మెరుస్తాయి గాని, వేడికి, కుదుపులకు వాటి అతుకులు పగలవచ్చు. మెరుపును బట్టి గాక చేయవలసిన పనిని బట్టి పరికరాన్ని ఎన్నుకోవాలి.

కాలక్రమంలో డీజిల్ ఇంజను చిన్నదై, చౌకై, చేనుగట్టుకు చేరింది. కాలువ నీటిని మిరప తోటకు తోడే ఆయిల్ ఇంజనుగా సామాన్య రైతుకు తోడైంది. చిన్నవాని చేతికి శక్తి అందాలన్న రుడాల్ఫ్ డీజిల్ ఆశయం ఆయన తరువాత నెరవేరింది. శక్తిని వృథా చేయరాదన్న ఆయన నియమం నేటి యువతకు కూడా ఆచరణీయం.