జాన్ బ్రౌనింగ్

జాన్ మోసెస్ బ్రౌనింగ్ (జనవరి 23, 1855 - నవంబరు 26, 1926) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ తుపాకుల రూపకర్త. ఈయన పేరున 128 పేటెంట్లు కలవు. అర్ధ స్వయంచాలక పిస్తోలుకు నేడు మనకు తెలిసిన రూపాన్ని ఇచ్చినవారిలో ఈయన అగ్రగణ్యుడు. ఈయన రూపొందించిన ఎం1911 పిస్తోలు ట్రిగ్గరు, తరువాతి కాలంలో ఇతర పిస్తోళ్ళ ట్రిగ్గర్లను పోల్చి చూడటానికి ఒక కొలమానంగా నిలిచింది.

బాల్యం, తొలి జీవితం

బ్రౌనింగ్ అమెరికాలోని యూటా ప్రాంతంలో ఉన్న ఆగ్డెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జోనాథన్ బ్రౌనింగ్ తుపాకుల తయారీదారు. మోర్మన్ మతస్థుడైన జోనాథన్ 1852లో యూటాకు వలస వచ్చి ఆగ్డెన్‌లో స్థిరపడ్డాడు. బ్రౌనింగ్ బాల్యం నుండే తండ్రి కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. అక్కడ దొరికిన పనికిరాని ముక్కలతోనే తన మొదటి తుపాకిని తయారు చేశాడు.

1879 ఈయన జీవితంలో ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడే రేచెల్ తెరెసా చైల్డ్‌ను వివాహమాడాడు, తండ్రిని కోల్పోయాడు, ఒకే తూటా పట్టే రైఫిలుకు మొదటి పేటెంటు పొందాడు. తరువాత సోదరులతో కలిసి ఆగ్డెన్‌లో ఆ రైఫిళ్ళ తయారీ చేపట్టాడు.

వించెస్టర్ సంస్థతో సంబంధం

1883లో వించెస్టర్ సంస్థ ఈ రైఫిలు హక్కులను 8,000 డాలర్లకు కొనుగోలు చేసింది. ఆ తరువాత సుమారు ఇరవై ఏళ్ళ పాటు బ్రౌనింగ్ రూపకల్పనలు వించెస్టర్ పేరున వెలువడ్డాయి. వాటిలో 1886, 1892, 1894 నమూనాల రైఫిళ్ళు పేరొందినవి. వీటికి సంస్థ ఏకమొత్తంగా సొమ్ము చెల్లించేది. స్వయంచాలక షాట్‌గన్ విషయంలో బ్రౌనింగ్ అమ్మకాలపై రాయల్టీ కోరగా సంస్థ అంగీకరించలేదు. దీనితో 1902లో వారి సంబంధం ముగిసింది. బ్రౌనింగ్ ఆ షాట్‌గన్‌ను బెల్జియంలోని ఎఫ్.ఎన్. సంస్థకు అప్పగించాడు.

పిస్తోళ్ళ రూపకల్పన

తుపాకి పేలినపుడు వృథాగా పోయే వాయువును, వెనుకకు తన్నే శక్తిని ఉపయోగించుకోవచ్చునని బ్రౌనింగ్ 1889 ప్రాంతంలో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఈ ప్రయోగాలే పిస్తోళ్ళకు దారితీశాయి. గొట్టాన్ని కప్పి ముందుకు వెనుకకు జరిగే స్లైడు ఈయన ప్రవేశపెట్టిన ముఖ్య లక్షణం. ఈయన పిస్తోళ్ళను ఐరోపాలో ఎఫ్.ఎన్., అమెరికాలో కోల్ట్ సంస్థలు తయారు చేశాయి. 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్యకు వాడినది ఈయన రూపొందించిన ఎఫ్.ఎన్. 1910 నమూనా పిస్తోలే.

1911 మార్చిలో అమెరికా సైన్యం జరిపిన పరీక్షలో కోల్ట్ పిస్తోలు 6,000 తూటాలను ఎటువంటి లోపం లేకుండా పేల్చింది. పోటీలో నిలిచిన సావేజ్ పిస్తోలు 37 సార్లు విఫలమైంది. మార్చి 29న సైన్యం బ్రౌనింగ్ పిస్తోలును ఎం1911 పేరుతో స్వీకరించింది. 1985లో బెరెట్టా పిస్తోలును ఎంపిక చేసేవరకు ఇదే అమెరికా సైన్యపు ప్రధాన పిస్తోలుగా కొనసాగింది.

ఎం1911 ట్రిగ్గరు

అనేక పిస్తోళ్ళలో ట్రిగ్గరు ఒక ఇరుసుపై తిరుగుతుంది. ఎం1911లో అది నేరుగా వెనుకకు జరుగుతుంది. ట్రిగ్గరుకు అమర్చిన పట్టీ తూటాల మ్యాగజైనుకు ఇరువైపులా సాగి డిస్కనెక్టరు అనే భాగాన్ని నెడుతుంది. అది సియర్ అనే చిన్న మీటను కదిలిస్తుంది. సియర్ కొన హ్యామరు గాడి నుండి జారగానే హ్యామరు పడి తూటా పేలుతుంది. స్లైడు కదలికతో హ్యామరు మళ్ళీ వెనుకకు నిలబడుతుంది. హ్యామరును ఎత్తే పని ట్రిగ్గరుకు లేనందున ప్రతిసారీ నొక్కు పొట్టిగా, ఒకే తీరుగా ఉంటుంది. వేలిని వదిలితే తప్ప రెండవ తూటా పేలకుండా డిస్కనెక్టరు అడ్డుకుంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధ అనుభవంతో 1920వ దశకంలో ఎం1911ఎ1 రూపొందింది. చిన్న చేతులు గల సైనికులకు అందేలా ఇందులో ట్రిగ్గరును పొట్టిగా చేసి, దాని వెనుక చట్రాన్ని కొంత చెక్కారు. 1930వ దశకంలో పోటీల కొరకు కోల్ట్ సంస్థ చేతితో నునుపు చేసిన భాగాలతో నేషనల్ మ్యాచ్ నమూనాను విడుదల చేసింది. తరువాతి నిపుణులు సియర్, హ్యామరు గాడి తాకే తలాలను నునుపు చేయడం, తేలికైన అల్యూమినియం ట్రిగ్గరు అమర్చడం, పేలిన తరువాత ట్రిగ్గరు ఇంకా వెనుకకు పోకుండా చిన్న మరను బిగించడం వంటి మార్పులు చేశారు.

అయితే ఈ మార్పులకు హద్దు ఉంది. సియర్, హ్యామరు పట్టు మరీ తగ్గితే, స్లైడు మూసుకున్న అదురుకే హ్యామరు జారి, ట్రిగ్గరు నొక్కకుండానే పిస్తోలు పేలే ప్రమాదం ఉంది. సైనిక పిస్తోళ్ళలో ట్రిగ్గరు కొంత బరువుగా ఉండటానికి ఇదొక కారణం.

చివరి పిస్తోలు, మరణం

ఫ్రెంచి సైన్యం కోరిక మేరకు బ్రౌనింగ్ మరొక పిస్తోలును ప్రారంభించి, 1923లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1926 నవంబరు 26న బెల్జియంలోని లీజ్ వద్ద, ఎఫ్.ఎన్. కర్మాగారంలో కుమారుడు వాల్ కార్యాలయంలో గుండె ఆగి మరణించాడు. పేటెంటు 1927లో మంజూరైంది. ఎఫ్.ఎన్. రూపకర్త డ్యూడొనె సేవ్ ఈ పిస్తోలును పూర్తి చేయగా, 1935లో హై పవర్ పేరుతో వెలువడింది. ఇందులో 13 తూటాలు పడతాయి.

మ్యాగజైను తీసివేస్తే ట్రిగ్గరు పనిచేయకుండా ఇందులో ఒక రక్షణ భాగం ఉంది. అది మ్యాగజైనుకు ఒరుసుకొనుట వలన ట్రిగ్గరు గరుకుగా, బరువుగా తోస్తుంది. అందుచేత పలువురు దానిని తొలగించేవారు. దీనివలన నొక్కు మెరుగైనా, మ్యాగజైను తీసి పిస్తోలు ఖాళీ అయిందని భ్రమపడినవారికి గొట్టంలో మిగిలిన తూటా నుండి ఉన్న రక్షణ పోతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం తయారు చేసిన 9 మి.మీ. 1ఎ పిస్తోలుకు హై పవరే మూలం.