ఖడ్గకారుడు కొతెత్సు

జపాను దేశమున బీవా అను గొప్ప సరస్సు కలదు. దాని సమీపముననున్న నాగసొనే గ్రామము ఒకానొక లోహకారుల వంశమునకు పుట్టినిల్లు. ఆ వంశమువారు కొందరు ఎచిజెన్ సీమకు వలసపోయి, అచ్చట కవచములును శిరస్త్రాణములును చేసి జీవించిరి. పదునేడవ శతాబ్దారంభమున వారి యింట పెరిగిన ఒకిసతొయే తరువాత కొతెత్సు అను పేర ప్రసిద్ధి కెక్కెను.

ఒకిసతొ ఇంచుమించు ఏబదియేండ్ల ప్రాయము వరకు కవచములు చేయుచునే యుండెను. కాని 1615వ సంవత్సరమున ఒసాకా కోట పడిపోయిన పిమ్మట దేశమున పెద్ద యుద్ధములు సద్దుమణిగెను. కవచముల నడుగువారు తగ్గిరి. ఖడ్గము మాత్రము వీరకులమువారి నడుమునుండి తొలగలేదు. ఆ వయస్సున మనవంటివారు విశ్రాంతిని గూర్చి తలపోయుదురు. అతడో, నేడు టోక్యో అనబడు ఎదొ నగరమునకు పోయి కత్తులు చేయు వృత్తిని చేపట్టెను. తాను అర్ధశతాయుష్కుడై ఎదొకు వచ్చి ఈ విద్యయందు కృషిచేసినట్లు అతడే ఒక ఖడ్గముపై చెక్కియున్నాడు. అతని కత్తులపై కానవచ్చు తేదీలు 1656 ప్రాంతమున ఆరంభమగుచున్నవి.

అతడు బౌద్ధదీక్ష గైకొని కొతెత్సు అను పేరు పూనెను. ఈ పేరు పలుకుటకు ఒక్కటియే, వ్రాయుటకు మాత్రము మూడు విధములు. మొదట పాత ఇనుము అను అర్థమిచ్చు అక్షరములతో వ్రాసెను. పాత ఇనుమును కరగించి కత్తులు చేసెడివాడని ప్రతీతి. పిమ్మట పులి అను అర్థముగల అక్షరమును తెచ్చిపెట్టెను. ఆ అక్షరపు తుదిగీత పులి తోకవలె పైకి ఎగయుచుండును. 1664 ప్రాంతమునుండి ఆ అక్షరమునే మరియొక రూపమున, పెట్టెవలె చతురస్రముగ చెక్కసాగెను. కావున పేరును చూచినంతనే అది అతని తొలినాటి పనియో మలినాటి పనియో పండితులు చెప్పగలరు.

ఈ పేరు ఎచ్చట నుండునో బాలురకు చెప్పవలయును. జపాను ఖడ్గపు పిడికి అడ్డముగ ఒక చిన్న వెదురు శీల యుండును. దానిని తీసినచో పిడి ఊడివచ్చి, లోపల దాగియున్న ఇనుపభాగము కనబడును. పనివాడు ఉలితో తన పేరు చెక్కునది అచ్చటనే. ఆ భాగమునకు పట్టిన తుప్పును ఎన్నడును తోమరు. తుప్పు ఇనుమునకు శత్రువని మేము తరగతిలో చెప్పుచుందుము గాని, ఇచ్చట తుప్పే సాక్షి. అక్షరముల లోపలి తుప్పు వెలుపలి తుప్పుతో సమానముగ ముదిరియున్నదా, లేక పాత తుప్పును చీల్చి క్రొత్తగా చెక్కిరా అని పరీక్షింతురు. పలుచని కాగితము పరచి, మసితో రుద్ది అచ్చు తీసి, నిస్సంశయమైన వేరొక కత్తి అచ్చుతో గీతకు గీత పోల్తురు. పేరు వ్రాయుట మరచిన పిల్లవాని పరీక్షపత్రమును అక్షరముల పోకడనుబట్టి గుర్తించుట ఉపాధ్యాయులకు నిత్యానుభవమే కదా!

కొతెత్సు విషయమున ఇంత శ్రమ ఏల? అతని ఖడ్గములు మిక్కిలి వాడియైనవి. యమనొ వంశమువారు వానిని మరణశిక్ష పొందినవారి కళేబరములపై పరీక్షించి, ఫలితమును బంగారుతీగతో ఆ కత్తులపైననే పొదిగించిరి. వినుటకు రోతగా నున్నను ఆ కాలపు ఆచారమది. దానితో కత్తుల వెల పెరిగెను, వెలతోపాటు దొంగపేర్లును పెరిగెను. 1678లో అతడు మరణించిన తరువాత శిష్యుడగు ఒకిమస ఆ వృత్తిని నిలిపెను; దొంగపేర్లు చెక్కువారు అంతకంటె శ్రద్ధగా నిలిపిరి. నేడు ఆ పేరు కనబడినచో ముందుగా అనుమానించుటయే పండితుల వాడుక. పేరు సరిపోయినను వారు తృప్తి చెందక, కత్తియంచున జపమాల పూసలవలె గుండ్రగ సాగు తెల్లని రేఖను, పిడికి ఎగువన తరచు కానవచ్చు మోటు ఇనుపచారను వెదకుదురు. ఉలితో పేరును అనుకరించుట కొంత సుకరము, నిప్పులో చేసిన పనిని అనుకరించుట దుష్కరము.

1864లో క్యోటో నగరమున ఇకెదయా అను సత్రముపై రాత్రివేళ దాడి జరిగెను. దాడిచేసిన దళమునకు నాయకుడు కొందొ ఇసమి. ఆ పోరులో సహచరుల కత్తులు విరిగినను తన కత్తి చెక్కుచెదరలేదనియు, అది కొతెత్సు చేసినది గావుననే కాబోలుననియు అతడు తన పెంపుడు తండ్రికి జాబు వ్రాసెను. ఆ కత్తిపై పేరు దొంగపేరేయని నేడు పలువురు పండితుల అభిప్రాయము. వారి మాట నిజమైనచో, ఆ రాత్రి విరుగక నిలిచినది వేరొక కమ్మరి చేతిపని. అతని పేరును అరగదీసిరో, అసలు చెక్కనేలేదో, ఆ జాబులో మాత్రము కీర్తి కొతెత్సుకే దక్కినది.