జంట నక్షత్రముల అన్వేషకుడు: విలియం హెర్షెల్

వివాహవేళ నూతన దంపతులకు చూపు అరుంధతీ వసిష్ఠులను ఎరుగని వారుండరు. కంటికి ఒక్కటిగా కనబడు వసిష్ఠ నక్షత్రమును దూరదర్శినితో చూచినచో అదియే రెండుగా విడిపోవును. ఇట్టి జంట నక్షత్రములను వెదకుటకై వేలకొలది రాత్రులు మేల్కొనిన మహనీయుడు విలియం హెర్షెల్.

ఆయన 1738 నవంబరు 15వ తేదీన జర్మనీ దేశమందలి హనోవరు నగరమున ఒక సైనిక వాద్యకారుని ఇంట జన్మించెను. 1757లో ఇంగ్లండునకు వలసపోయి, బాత్ పట్టణమున సంగీతము నేర్పుచు, ప్రార్థనాలయమున ఆర్గన్ వాయించుచు జీవించెను. పగలు పాఠములు, రాత్రి ఆకాశము. పెద్ద దూరదర్శినిని కొను శక్తి లేనందున రాగిని, తగరమును కరగించి పోతపోసి, అద్దములను తానే సానపట్టుకొనెను. మెరుగుపెట్టునపుడు చేయి తీయరాదు. ఒకసారి 16 గంటలు అట్లే కూర్చుండగా చెల్లెలు కారొలిన్ ఆయన నోటికి ఆహారము అందించెను.

ఆ కాలమున నక్షత్రముల దూరము ఎవరికిని తెలియదు. ప్రక్కప్రక్కన కనబడు రెండు చుక్కలలో ఒకటి దగ్గరగను, మరొకటి మిక్కిలి దూరముగను ఉండునని, భూమి సూర్యుని చుట్టు తిరుగుకొలది దగ్గరి చుక్క రవంత జరిగినట్లు తోచునని, ఆ జరుగుదలను కొలిచిన దూరము తేలునని హెర్షెల్ తలచెను. 1779 మొదలు 7 అడుగుల దూరదర్శినితో ఒక్కొక్క చుక్కనే పరీక్షించెను. ఈ వెదకులాటలోనే 1781 మార్చి 13వ తేదీన యురేనస్ గ్రహము ఆయన కంటబడెను. మూడవ జార్జి రాజు వార్షిక వేతనమిచ్చుటతో సంగీతవృత్తిని విడిచెను. 1782లో 269 జంటలతో ఒక పట్టికను, పిదప 434 జంటలతో మరొక పట్టికను సిద్ధపరచెను. 1789లో 40 అడుగుల మహాయంత్రమును నిర్మించెను గాని, దానిని త్రిప్పుట కష్టమగుటచే 20 అడుగుల దూరదర్శినినే ఎక్కువగా వాడెను.

కోరిన దూరము మాత్రము లభింపలేదు. అయినను ఇరువది సంవత్సరములకు పైగా గడచిన పిదప పాత కొలతలతో సరిచూడగా, మన పునర్వసులోని కాస్టర్ మొదలగు జంటలు కొంత తిరిగియుండెను. అవి కేవలము ఒకే దిక్కున కనబడు చుక్కలు కావనియు, పరస్పరాకర్షణచే ఒకదానినొకటి చుట్టుచున్నవనియు 1803లో ఆయన లోకమునకు తెలిపెను.

1822 ఆగస్టు 25వ తేదీన హెర్షెల్ కన్నుమూసెను. 1838లో బెస్సెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మొదటిసారి ఒక నక్షత్రపు దూరమును కొలిచి ప్రకటించెను. హంసరాశిలోని ఆ చుక్కయు జంట నక్షత్రమే. తలచినది చేకూరకున్నను, ప్రతి రాత్రి కొలతను శ్రద్ధతో వ్రాసి ఉంచినందుననే హెర్షెల్ శ్రమ ఫలించెను.