నిప్పురవ్వను కొలిచిన పాషెన్

ఇంటర్మీడియట్ ఫిజిక్స్ చదివిన వారికెవరికైనా హైడ్రోజన్ వర్ణపటం పాఠం గుర్తుండే ఉంటుంది. లైమన్, బామర్, పాషెన్, బ్రాకెట్, ఫండ్ అంటూ ఐదు పేర్లూ పరీక్ష ముందు రోజు రాత్రి బట్టీపట్టి, మర్నాడు పేపరు మీద కక్కేసి, ఆపైన మరచిపోవడం మన ఆనవాయితీ. అందులో మూడో ఆయన ఎవరు, ఎక్కడివారు అని అడిగిన పాపాన పోము. వర్ణపటం సంగతి అలా ఉంచండి. అంతరిక్షంలోకి పంపే యంత్రాల కోసం హై వోల్టేజి సర్క్యూటు గీసే ప్రతి ఇంజనీరూ ముందుగా తలచుకోవలసిన పేరు కూడా ఆయనదే.

ఫ్రీడ్రిష్ పాషెన్ 1865 జనవరి 22న ఉత్తర జర్మనీలోని ష్వెరిన్‌లో జన్మించారు. బెర్లిన్‌లోనూ, స్ట్రాస్‌బర్గ్‌లోనూ చదివారు. స్ట్రాస్‌బర్గ్ ఇప్పుడు ఫ్రాన్సుది గాని, ఆనాడు జర్మనీ ఏలుబడిలో ఉండేది. అక్కడి గురువు ఆగస్ట్ కుంట్. ధ్వని ప్రయోగాల్లో కుంట్ గొట్టం అని చేస్తామే, ఆయనే. 1888లో పాషెన్ డాక్టరేటు పుచ్చుకునేనాటికి వయసు 23. థీసిస్ విషయం వినడానికి చాలా చప్పగా ఉంటుంది: గాలి, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వాయువుల్లో, వేర్వేరు పీడనాల దగ్గర, రెండు లోహపు గోళాల మధ్య నిప్పురవ్వ దూకాలంటే ఎన్ని వోల్టులు కావాలి? ఓపికగా కొలుచుకుంటూ పోవడమే పని. 1889లో అచ్చయింది. అప్పటికి ఎలక్ట్రాన్ అనే మాటకే దిక్కులేదు, దాన్ని కనుగొన్నది 1897లో.

ఆ కొలతల్లోంచి తేలిన నియమం ఇది. రవ్వ దూకే వోల్టేజి పీడనం ఒక్కదాని మీదా ఆధారపడదు, దూరం ఒక్కదాని మీదా ఆధారపడదు. రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుంది. పీడనం సగం చేసి దూరం రెట్టింపు చేస్తే అదే వోల్టేజి. దీన్ని గ్రాఫుగా గీస్తే ఒక లోయ కనిపిస్తుంది. నేల మీద గాలిలో ఒక మిల్లీమీటరు సందు దాటాలంటే రవ్వకు 4,000 వోల్టుల పైమాటే కావాలి. గాలిని తోడేస్తూ పోతే ఆ అంకె దిగుతూ వస్తుంది. పాదరసం 5, 6 మిల్లీమీటర్ల పీడనం దగ్గర సుమారు 330 వోల్టులకే రవ్వ పుడుతుంది! ఇంకా తోడితే మళ్ళీ నిటారుగా పైకి లేస్తుంది.

కారణం తరువాతి కాలంలో టౌన్‌సెండ్ విప్పి చెప్పారు. అణువులు మరీ కిక్కిరిసి ఉంటే ఎలక్ట్రాన్ వేగం పుంజుకునే లోపే ఎవరినో ఒకరిని గుద్దుకుని శక్తి పోగొట్టుకుంటుంది. మరీ పలచబడితే గుద్దుకోవడానికి అణువే దొరకదు. మధ్యస్థంగా ఉన్నప్పుడే ఒకటి రెండై, రెండు నాలుగై వరద కడుతుంది.

అంటే నేల మీది గాలి మంచి ఇన్సులేటరే, పూర్తి శూన్యమూ మంచిదే. గండమంతా నడిమధ్యన ఉంది. శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్టు కొద్ది నిమిషాల్లోనే ఈ పీడనాలన్నీ దాటుకుంటూ పోతుంది. అందుకే ఉపగ్రహంలో వేల వోల్టులు అవసరమయ్యే ట్రావెలింగ్ వేవ్ ట్యూబుల సప్లైలను సాధారణంగా పైకి పోయేటప్పుడు ఆపే ఉంచుతారు. కక్ష్యలో చేరగానే స్విచ్ వేద్దామా అంటే అదీ కుదరదు. రంగుల్లో, ప్లాస్టిక్కుల్లో, తీగల తొడుగుల్లో ఇరుక్కున్న గాలీ తేమా మెల్లగా బయటికి వస్తుంటాయి. పెట్టె లోపల పీడనం లోయ అడుక్కి దగ్గరగానే ఉండిపోవచ్చు. కనుక గాలి పోయే దారులు బాగా వదలాలి, రోజుల తరబడి ఆగాలి. లేదా ఒక్క బుడగ కూడా మిగలకుండా రెజిన్ పోసి మూసెయ్యాలి. అరకొరగా మూసిన పెట్టె అంత చెరుపు మరొకటి లేదు.

అన్నిటికన్నా చిత్రం ఇంకొకటుంది. దూరం పెంచితే భద్రం అని మన ఇంగితజ్ఞానం చెబుతుంది కదా? లోయకు అవతలి వైపున, అంటే పీడనం బాగా పడిపోయిన చోట, అది తలకిందులు. అక్కడ రవ్వ దగ్గరి దారి వదిలేసి దూరపు దారి వెతుక్కుంటుంది. దగ్గరి దారిలో దానికి చాలినన్ని అణువులు ఉండవు మరి!

హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉంది. రాకెట్టు ఆ లోయను దాటిపోతుంది గాని, బెలూను పాపం గంటల తరబడి అందులోనే వేలాడాలి. 33, 34 కిలోమీటర్ల ఎత్తున పీడనం సరిగ్గా ఆ 5, 6 మిల్లీమీటర్లే. కుజగ్రహం మీదా ఇంచుమించు అదే తంతు: అక్కడి పీడనం 6 మిల్లీబార్లు, వాయువులో 95 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్. దాని లోయ అడుగు సుమారు 420 వోల్టులు. స్ట్రాస్‌బర్గ్ కుర్రవాడు కొలిచిన మూడు వాయువుల్లో ఇదీ ఒకటని ముందే చెప్పుకున్నాం.

పాషెన్ మాత్రం మళ్ళీ రవ్వల జోలికి పెద్దగా పోలేదు. మ్యూన్‌స్టర్‌లో హిటార్ఫ్ దగ్గర కొంతకాలం, ఆపైన హనోవర్‌లో పనిచేసి పరారుణ కిరణాల వైపు తిరిగారు. 1901లో ట్యూబింగెన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. మన బట్టీలోని శ్రేణి 1908 నాటిది. 1912లో శిష్యుడు ఎర్నెస్ట్ బాక్‌తో కలిసి, బలమైన అయస్కాంత క్షేత్రంలో వర్ణరేఖలు ఎలా చీలతాయో కనుగొన్నారు. 1924లో బెర్లిన్‌లోని కేంద్ర భౌతిక ప్రయోగశాలకు అధ్యక్షులయ్యారు.

1933లో నాజీలు గద్దెనెక్కారు. 68 ఏళ్ళ పాషెన్‌ను తప్పించి ఆ కుర్చీలో యోహానెస్ స్టార్క్‌ను కూర్చోబెట్టారు. స్టార్క్‌కు నోబెల్ ఉంది, పాషెన్‌కు రాలేదు. అయితే స్టార్క్‌కు ఆ కుర్చీ తెచ్చిపెట్టింది నోబెల్ కాదు, నాజీ భక్తి.

1943 నవంబరు బాంబుదాడుల్లో పాషెన్ బెర్లిన్ ఇల్లు నాశనమైంది. ముసలితనంలో పాట్స్‌డామ్ చేరారు. 1947 ఫిబ్రవరి 25న, న్యుమోనియాతో అక్కడే కన్నుమూశారు. తొలి స్పుత్నిక్ ఎగరడానికి అప్పటికి ఇంకా పదేళ్ళుంది.