చేతివేళ్లతో గుండె చప్పుడు విన్న డాక్టరమ్మ.. బ్లూ బేబీలకు ప్రాణం పోసిన హెలెన్ టాసిగ్

గుండె డాక్టర్ అనగానే మెడలో స్టెతస్కోప్ గుర్తొస్తుంది. కానీ అమెరికా డాక్టర్ హెలెన్ టాసిగ్‌కి ముప్పై ఏళ్లు దాటాక వినికిడి తగ్గిపోయింది. దాంతో పసిపిల్లల ఛాతీపై వేళ్లు ఆనించి, గుండెలో తేడా ఎక్కడుందో పట్టుకోవడం నేర్చుకున్నారు.

1898లో మసాచుసెట్స్‌లో పుట్టిన హెలెన్‌ పదకొండేళ్లకే తల్లిని కోల్పోయారు. చిన్నప్పుడు అక్షరాలు చదవడమూ కష్టమే, డిస్లెక్సియా. హార్వర్డ్‌లో అయితే ఆడవాళ్లు పాఠాలు వినొచ్చు, డిగ్రీ మాత్రం ఇవ్వరు! చివరికి జాన్స్ హాప్కిన్స్‌లో 1927లో డాక్టరయ్యారు. 1930లో అక్కడి పిల్లల గుండె క్లినిక్ బాధ్యత ఆమె చేతికొచ్చింది.

ఆ క్లినిక్‌కి నీలం రంగు పెదాలు, నీలం గోళ్లతో పిల్లలు వచ్చేవారు. పుట్టుకతోనే గుండెలో లోపం. ఊపిరితిత్తులకు చాలినంత రక్తం చేరదు. వైద్యం లేదు, తల్లిదండ్రులకు చెప్పడానికి మాటా లేదు. హెలెన్ మాత్రం ఒక్కో బిడ్డనీ ఫ్లోరోస్కోప్ అనే ఎక్స్‌రే యంత్రంలో చూస్తూ, చనిపోయిన పిల్లల గుండెల్ని పరీక్షిస్తూ ఓ విషయం గమనించారు. కడుపులో ఉన్నప్పుడు అందరు పిల్లలకీ గుండె దగ్గర ఓ చిన్న రక్తనాళం తెరిచి ఉంటుంది. పుట్టాక మూసుకుపోతుంది. అది మూసుకోని నీలి పిల్లలు కాస్త బాగుంటున్నారు, మూసుకోగానే పరిస్థితి విషమిస్తోంది. మరి అలాంటి దారే ఆపరేషన్‌తో కొత్తగా వేస్తే?

బోస్టన్‌లో పేరున్న సర్జన్ రాబర్ట్ గ్రాస్‌ని అడిగితే ఆయన ఆసక్తి చూపలేదు. తర్వాత హాప్కిన్స్‌కి వచ్చిన ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఒప్పుకున్నారు. ఆయన ల్యాబ్‌లో పనిచేసే నల్లజాతి టెక్నీషియన్ వివియన్ థామస్ కుక్కలపై ఆ ఆపరేషన్‌ని సాధన చేసి పద్ధతి తేల్చారు.

1944 నవంబర్ 29. పదిహేను నెలల పాప, బరువు నాలుగు కిలోలే. చేతికి వెళ్లే రక్తనాళాన్ని ఊపిరితిత్తులకు వెళ్లే నాళానికి కలిపి కుట్టారు. బ్లాలాక్ వెనకే స్టూల్ మీద నిలబడి థామస్ సలహాలిచ్చారు. పాప అప్పటికి గట్టెక్కింది. కానీ కొన్ని నెలలకు మళ్లీ నీలంగా మారి, రెండో ఆపరేషన్ తర్వాత చనిపోయింది. విజయగాథల్లో ఈ ముక్క దాటేస్తుంటారు. మూడో పేషెంట్ ఆరేళ్ల బాబు మాత్రం ఆపరేషన్ టేబుల్ మీదే గులాబీ రంగుకి తిరిగాడు. అంతే.. ఎక్కడెక్కడి నుంచో పిల్లల్ని ఎత్తుకుని తల్లిదండ్రులు హాప్కిన్స్ బాట పట్టారు. 1945లో వచ్చిన పరిశోధనా పత్రంలో థామస్ పేరు మాత్రం లేదు. ఇది అన్యాయమే.

1962లో హెలెన్ జర్మనీ వెళ్లారు. గర్భిణులు థాలిడోమైడ్ మాత్ర వేసుకోవడంతో చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టిన పిల్లల్ని స్వయంగా చూసొచ్చి, అమెరికన్ కాంగ్రెస్ ముందు హెచ్చరించారు.

1986 మే 20న కారు ప్రమాదంలో ఆమె కన్నుమూశారు. నాలుగు రోజులైతే 88 ఏళ్లు నిండేవి. అప్పటికి ఆమె చేస్తున్న పని.. పక్షుల గుండెల్లో పుట్టుకతో వచ్చే లోపాల మీద పరిశోధన.