రాణి మంగమ్మ

మూడు వందల ఏళ్ల క్రిందట తమిళదేశంలోని మధుర నుండి కన్యాకుమారికి పోవాలంటే రోజుల తరబడి ప్రయాణం. సరుకు మూటలు మోసే పెరికెద్దులతో వర్తకులు గుంపులుగా సాగేవారు. పగలు ఎండ బాధ, రాత్రి దొంగల భయం. పొద్దుగూకేలోగా తలదాచుకొనే చోటు దొరకకపోతే సరుకు మాట అటుంచి ప్రాణానికే ముప్పు. అటువంటి దారుల వెంట సత్రాలు కట్టించిన రాణి మంగమ్మ. తమిళులు ఆమెను మంగమ్మాళ్ అంటారు.

మంగమ్మ తెలుగింటి ఆడపడుచు. సేనాని తుపాకుల లింగమ నాయకుని కుమార్తె. మధురను ఏలిన చొక్కనాథ నాయకుని భార్య. 1682లో భర్త మరణించగా, ఆమె సహగమనం చేయక చిన్నవాడైన కుమారుని కోసం బ్రతికింది. 1689లో ఆ కుమారుడు మశూచితో కన్నుమూశాడు. కోడలు మగబిడ్డను కని కొద్ది దినాలకే ప్రాణం విడిచింది. మంగమ్మ దుఃఖం దిగమింగి, పసివాడైన మనుమడు విజయరంగ చొక్కనాథునికి పట్టం కట్టి, వాని పేరిట తానే తిరుచిరాపల్లి నుండి రాజ్యభారం వహించింది. మొగలులకు కప్పం కట్టి రాజ్యాన్ని నిలుపుకొన్నది. తిరువాన్కూరు మీదికి సేనను పంపింది.

అయినా ప్రజల నోట నిలిచినవి ఆమె యుద్ధాలు కావు, బాటలు. మధుర నుండి కన్యాకుమారికి పోయే పాత బాటను మంగమ్మాళ్ శాలై అనే పిలిచారు. బాటకు ఇరువైపులా చెట్లు, నీళ్లకు బావులు, విడిదికి సత్రాలు. సత్రం కట్టడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. నిత్యం వచ్చేవారికి వండి పెట్టడానికి బియ్యం ఎక్కడిది? అందుకే ఆ రోజుల్లో సత్రాలకు పొలాలను మాన్యంగా ఇచ్చేవారు. ఆ పంటతోనే పొయ్యి వెలిగేది.

ఒకనాడు పొరపాటున ఎడమచేత్తో తాంబూలం వేసుకొన్నదనీ, ఆ దోషం పోవడానికే ఈ ధర్మాలు చేసిందనీ ఒక కథ ఉన్నది. కథ మాట ఎలా ఉన్నా, బాట బాగుంటే వర్తకం సాగుతుందనీ, వర్తకం సాగితే సుంకం వస్తుందనీ రాజ్యమేలే రాణికి తెలియనిది కాదు.

మనుమడు పెద్దవాడయ్యేసరికి అధికారం విషయంలో తగవు వచ్చింది. 1706 ప్రాంతంలో ఆమె పాలన ముగిసింది. ఆమెను చెరలో పెట్టి, కంటికి కనబడేంత దూరంలో అన్నం ఉంచి, చేతికి అందనీయక ఆకలితో చంపారని మధుర ప్రాంతంలో చెప్పుకొంటారు. ఆ మధురలోనే, నేటి రైల్వే స్టేషను ఎదుట, ఆమె పేరున మంగమ్మాళ్ సత్రం ఉన్నది.