సొంత పార్టీ ఓటర్లే కాదన్న అధ్యక్షుడు

మా ఊళ్లో సర్పంచి ఎన్నికలో ఓడినవాడు కొన్నాళ్లదాకా రచ్చబండ వైపు రాడు. పొలానికి కూడా డొంకదారిన పోతాడు. చిన్న ఊరి పదవి పోతేనే ఇంత అవమానమైతే, గద్దె మీదున్న దేశాధ్యక్షుణ్ణి సొంత పార్టీ ఓటర్లే కాదంటే ఎట్లా ఉంటుంది? అమెరికా 33వ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌కు 1952లో ఆ అనుభవం కలిగింది. ఆయన నాగలి పట్టినవాడు కావడం వల్లనే నాకాయన జీవితం మీద ఆసక్తి పుట్టింది.

ట్రూమన్ 1884 మే 8న మిస్సోరీ రాష్ట్రంలోని లమార్‌లో జన్మించాడు. చిన్ననాటి నుంచే చూపు మందం. దళసరి కళ్లద్దాలు లేనిదే గడిచేది కాదు. ఇంట్లో డబ్బులేక కాలేజీ డిగ్రీ దక్కలేదు. 1906 నుంచి 1917 దాకా గ్రాండ్‌వ్యూ దగ్గర సుమారు 600 ఎకరాల కుటుంబ సేద్యంలో కష్టపడ్డాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిదళ కెప్టెన్‌గా ఫ్రాన్సులో పోరాడాడు. తిరిగొచ్చి మిత్రుడితో కలిసి కాన్సాస్ సిటీలో బట్టల దుకాణం పెడితే, 1922కల్లా అది మూతపడింది. దివాలా తీయకుండా ఏళ్ల తరబడి అప్పులు తీరుస్తూ వచ్చాడు. అప్పు తీర్చడమంటే ఏమిటో మా రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు.

పెండర్‌గాస్ట్ అనే నగర నాయకుడి అండతో రాజకీయాల్లోకి వచ్చి, 1934లో సెనేట్‌కు ఎన్నికయ్యాడు. యుద్ధకాలపు కాంట్రాక్టుల్లో దుబారాను బయటపెట్టిన కమిటీతో దేశానికి తెలిశాడు. 1945 జనవరిలో ఉపాధ్యక్షుడయ్యాడు. ఏప్రిల్ 12న రూజ్వెల్ట్ మరణించడంతో అధ్యక్ష పదవి నెత్తిన పడింది. ఆ ఆగస్టులో హిరోషిమా, నాగసాకిల మీద అణుబాంబులు పడ్డాయి. సైన్సు విద్యార్థినైన నాకు ఆ ఘట్టం చదివినప్పుడల్లా మనసు కలత చెందుతుంది. కనుక ఆయన్ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. అయితే, 1951లో మన దేశం తిండిగింజలకు కటకటలాడినప్పుడు, గోధుమలు కొనేందుకు 19 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చే చట్టంపై సంతకం చేసిందీ ఆయనే.

1948లో ఓడతాడని అందరూ అనుకుంటే రైలెక్కి ఊరూరా తిరిగి గెలిచాడు. కాని 1950లో మొదలైన కొరియా యుద్ధం ఎంతకీ తెగలేదు. 1951 ఏప్రిల్‌లో జనరల్ మకార్థర్‌ను తొలగించడంతో జనం మండిపడ్డారు. పన్నుల శాఖలో లంచాల గొడవ వీటికి తోడయింది. 1952 ఫిబ్రవరి నాటి గాలప్ సర్వేలో ఆయన్ను మెచ్చుకున్నవారు నూటికి 22 మందే.

అమెరికాలో అసలు ఎన్నికకు ముందు పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చాలి. అప్పట్లో కొన్ని రాష్ట్రాల్లో పార్టీ ఓటర్లే ఓటేసి తమ మొగ్గు తెలిపేవారు. దాన్నే ప్రైమరీ అంటారు. ఆ ఏడు మొదటి ప్రైమరీ న్యూహాంప్‌షైర్ అనే చిన్న చలిరాష్ట్రంలో మార్చి 11న జరిగింది. ఇలాంటి ఎన్నికలంటే ట్రూమన్‌కు చులకన. పేరు తీసేయమని, మళ్లీ పార్టీవాళ్లు నచ్చజెబితే ఉండనిమ్మన్నాడు. ప్రచారానికి మాత్రం వెళ్లలేదు. టెన్నెసీ సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ ఆ చలిలో ఊరూరా తిరిగి, కనిపించిన ప్రతివాడితోనూ చేయి కలిపాడు. ఫలితం: కెఫావర్‌కు 19,800 ఓట్లు, అధ్యక్షుడికి 15,927.

1948లో రైలెక్కి ఊరూరా తిరిగి గెలిచిన మనిషి, తిరగనివాడికి ఓటు రాలదన్న సంగతి ఎట్లా మరిచాడా అని నాకు అనిపిస్తుంది. మార్చి 29న, తాను మళ్లీ నిలబడనని ప్రకటించాడు. మళ్లీ పోటీ చేయకూడదన్న మాట 1950లోనే సొంత కాగితాల్లో రాసుకున్నాడు కాబట్టి ఓటమి ఒక్కటే కారణమనలేం. పదవి మోజు, ఇంటి మీద మనసు రెండూ ఆయనలో పెనుగులాడి ఉంటాయి.

అయితే తమాషా ఏమిటంటే, చాలా ప్రైమరీలు గెలిచిన కెఫావర్‌కూ టికెట్ రాలేదు. జూలైలో చికాగో మహాసభలో పార్టీ పెద్దలు ట్రూమన్ మద్దతుతో స్టీవెన్‌సన్‌ను ఎంచుకున్నారు. నవంబరులో ఆయన ఐసెన్‌హోవర్ చేతిలో ఓడిపోయాడు. పెద్దవాణ్ణి వద్దనగలిగిన సామాన్య ఓటరు తనకు కావలసినవాణ్ణి మాత్రం నిలబెట్టుకోలేకపోయాడు. ప్రైమరీలకు ఆ బలం 1972 నాటి సంస్కరణలతోగాని రాలేదు.

1953 జనవరిలో ట్రూమన్ రైలెక్కి ఇండిపెండెన్స్‌లోని ఇంటికి చేరాడు. మాజీ అధ్యక్షులకు పింఛను ఇచ్చే చట్టం 1958లో గాని రాలేదు. ఆయన ముఖం చాటేయలేదు. రోజూ పొద్దున్నే అదే ఊరి వీధుల్లో, అందరినీ పలకరిస్తూ నడిచాడు. 1972 డిసెంబరు 26న, 88వ ఏట కన్నుమూశాడు.

మిత్రులారా, గెలిచినవాడి ఊరేగింపు ఎవరైనా చూస్తారు. ఓడినవాడు మర్నాడు ఏ దారిన నడిచాడో చూడటం కూడా మనం నేర్చుకోవాలి. ఈసారి ఊరికి పోయినప్పుడు, డొంకదారిన పోయే మా మాజీ సర్పంచికి ఈ కథ చెబుదామనుకుంటున్నాను.